ఈ పిల్లది ఎవరి రంగు

గురజాల,
ఫిబ్రవరి నెలాఖరు.

శ్రీవారికి,

మీ భార్య రాజేశ్వరి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. అలా మొదలుపెట్టకపోతే అది ఉత్తరమే కాదని మా నాన్న నేర్పాడు కాబట్టి రాశాను. ఎవరు ఎంత క్షేమమో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఆ మంచుకొండ మీద మీరూ మీ తోటివాళ్ళూ చల్లగా ఉండాలని కోటప్పకొండ స్వామికి మొక్కుకున్నాను. ఆ మొక్కులో మాత్రం ఏ దాపరికమూ లేదు.

మీ ఉత్తరం అందింది. మీరు చేసే రెండు నిమిషాల ఫోన్లో, మీ వెనక ఇంకో పదిమంది నిలబడి ఉండగా, ఈ సంగతులు చెప్పడం నా వల్ల కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

మిరప రెండో కోత అయింది. ఈసారి తాలు ఎక్కువ పడింది. కూలీలతో కూర్చుని తాలు ఏరుతుంటే నాకు నవ్వొచ్చింది. మిరపకాయకు రంగు పోతే తాలని పక్కన పడేస్తాం. ఆడపిల్లకు మాత్రం రంగు పోవాలని మందులు పూస్తాం. అత్తయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. నడక తగ్గింది కానీ మాట తగ్గలేదు.

మంచులో ఎండ కొట్టి మీ ముఖం మాడి నల్లబడిందని, అందరూ నవ్వుతున్నారని సరదాగా రాశారు. అది విని అత్తయ్య "నా కొడుకు దేశం కోసం నల్లబడ్డాడు" అని వీధిలో నలుగురికీ చెప్పింది. మంచిదే. నలుపులో కూడా మగవాళ్ళ నలుపు వేరు.

నేను చేలోకి వెళ్ళనని, ఎండ కనపడితే చాలు ఇంట్లో దూరతానని అత్తయ్య మీకు చెప్పిందట. మొన్నమొన్నటి వరకూ నిజమే. దానికి కారణం ఉంది, కాస్త ఆగండి. వర్షిణి ఫోటో పంపలేదేమని కూడా అడిగారు. కవరు చించగానే ఒక ఫోటో కింద పడి ఉంటుంది, చూసే ఉంటారు. దాన్ని పక్కన పెట్టుకుని మిగతాది చదవండి.

మీ ఉత్తరాలు మన ఇంట్లో ఎవరు చదువుతారో మీరు మరిచిపోయినట్టున్నారు. అత్తయ్యకు చదువు రాదు. చదవడం వచ్చినప్పటి నుంచీ వర్షిణే మీ ఉత్తరం నానమ్మకు పైకి చదివి వినిపిస్తుంది. నేను చదువుతానంటే ఒప్పుకోదు, "మా నాన్న ఉత్తరం నేనే చదవాలి" అంటుంది. ఈసారి కూడా అంతే. వసారాలో అత్తయ్యా, పక్కింటి అక్తర్ బేగం పిన్నీ మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. పిల్ల మీ మంచు గురించి, చపాతీల గురించి గడగడా చదువుతోంది. తర్వాత మీరు రాసిన ఈ ముక్కలు వచ్చాయి. మీకు గుర్తుండకపోవచ్చు, నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"వర్షిణికి నా రంగూ రాలేదు, నీ రంగూ రాలేదు. ఈ పిల్లది ఎవరి రంగో దేవుడికే తెలియాలి. ఓణీల ఫంక్షన్ లోపల గుంటూరు తీసుకెళ్ళి లేజరో ఏదో చేయించు. మా హవల్దారు కూతురికి చేయిస్తే తెల్లగా అయిందంట."

పిల్ల ఇది కూడా చదివింది. గొంతు మారలేదు. చివరిదాకా చదివి ఆగింది. బేగం పిన్ని చేతిలో కాయలు కింద పెట్టి, "చాల్లేవే తల్లీ, కళ్ళు నొప్పెడతయ్. మిగతాది మీ అమ్మ చదువుకుంటది" అంది. అత్తయ్య ఊరుకుందా? "ఎందుకాపటం? చదవనీ. వాడన్నదాంట్లో తప్పేముంది? మా వంశంలో లేని రంగు యాడనుంచి వచ్చిందో దీని తల్లినే అడగాల" అంది. ఆ మాట ఆవిడ పిల్ల పుట్టినప్పటి నుంచీ అంటూనే ఉంది. పురిటి మంచం దగ్గర అంది, కుళాయి దగ్గర అంది. మీరు కూడా నవ్వుతూ అన్నారు. ఆ మాట వెనక ఇంకో అర్థం ఉందని మీకు తెలియదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఆ వారమే బావగారు ఫంక్షన్ ఫ్లెక్స్ నమూనా ఫోన్లో తెచ్చి చూపించారు. ఆయన సంగతి మీకు తెలుసు కదా. పిల్ల ఫంక్షన్ అంటే ఆయనకు తన ఫోటో నాయకుల పక్కన వేయించుకునే సందు. పైన నాయకులు, కింద మన కులపెద్దలు, ఒక మూల టోపీ పెట్టుకుని మీరు, మధ్యలో సున్నం కొట్టిన గోడలా ఒక తెల్లపిల్ల. వర్షిణి చాలాసేపు చూసి, "పెదనాన్నా, ఇది ఎవరు?" అని అడిగింది. బావగారు పకపకా నవ్వి, "నువ్వేనమ్మా! ఫంక్షన్ నాటికి ఇట్టా తయారవ్వాల మరి" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కంపరంగా ఉంది.

పది రోజులు తిరక్కుండానే పిల్ల ముఖం కందిపోయింది. బుగ్గల మీద ఎర్రగా దద్దుర్లు, గడ్డం నిండా చీముపొక్కులు. స్కూల్ నుంచి వచ్చి ముఖానికి తడిగుడ్డ వేసుకుని పడుకునేది. "ఏం రాశావే?" అంటే "ఏం లేదమ్మా" అనేది. చివరికి నరసరావుపేటలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అత్తయ్య కూడా వస్తానంది. ఎటూ వెళ్తున్నాం కదా, తెల్లబడే మందు కూడా రాయించుకోవచ్చని ఆవిడ ఆశ.

డాక్టరు పేరు సుస్మిత. చిన్న వయసే. పిల్ల ముఖం లైటు వేసి చూసి, "ఏ క్రీం వాడుతున్నావమ్మా?" అని అడిగింది. రెండోసారి అడిగాక పిల్ల గౌను జేబులో దాచుకున్న ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది.

ఆ ట్యూబు చూడగానే గుర్తుపట్టాను.

"ఇది ఎవరిచ్చారు?" అని అడిగింది డాక్టరు.

వర్షిణి నా వైపు చూడనే లేదు. "ఎవరూ ఇవ్వలేదు మేడం. నేనే మెడికల్ షాపులో కొనుక్కున్నా" అంది.

అబద్ధం. అది నా గాజుల డబ్బాలో అడుగున ఉండే ట్యూబు. నేను రోజూ రాసుకునేది. పిల్లకు ఎప్పటి నుంచి తెలుసో! నానమ్మ పక్కన ఉందని, తల్లి గుట్టు బయటపడకూడదని, తప్పు తన మీద వేసుకుంది. పుట్టినప్పటి నుంచీ నా రంగును నా బదులు అదే మోసింది. అక్కడ కూడా అదే మోయబోయింది. ఇక నా వల్ల కాలేదు. "అబద్ధం చెబుతోంది మేడం. అది నాది. పెళ్ళికి ముందు నుంచీ వాడుతున్నా" అన్నాను.

అవునండీ. ఇదే మీకు చెప్పాల్సింది. మీరు చూసిన రంగు నాది కాదు.

మీ సంబంధం వచ్చినప్పుడు, అబ్బాయి ఎరుపు, అత్తగారు నల్లపిల్ల వద్దంటోందని మధ్యవర్తి ముందే చెప్పాడు. పెళ్ళిచూపులకు ఇంకా నెలల టైముంది. మా పెద్దమ్మ పిడుగురాళ్ళలో మెడికల్ షాపు నుంచి ఆ ట్యూబు తెచ్చింది. మీరు వచ్చేసరికి నేను తెల్లబడ్డాను. పెళ్ళయిన కొత్తలో మీరు నా చేయి పట్టుకుని, "మా అమ్మ కోరుకున్నట్టే దొరికావు. నల్లగా ఉంటే నేను కూడా వద్దనేవాణ్ణేమో" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ మాటతో నా నోరు కుట్టేశారు. మానేద్దామని ఎన్నిసార్లు చూశానో! మానిన వారానికే ముఖం భగభగ మండేది, పొక్కులొచ్చేవి, ముందుకంటే నల్లబడేది. భయపడి మళ్ళీ రాసేదాన్ని. ఎండలోకి ఎందుకు వెళ్ళనని అడిగారు కదా. ఎండ తగిలితే ఈ ముఖం మీద కారం పోసినట్టు ఉంటుంది. పొయ్యి సెగ తగిలినా అంతే. అత్తయ్య దాన్ని ఒళ్ళుబరువు అంది. పడ్డాను.

మీరొకసారి సెలవులో వచ్చినప్పుడు, "ముఖం ఒక రంగు, వీపు ఒక రంగు. ఏందే ఇది?" అన్నారు. నేను లైటు తీసేశాను. మీరు మళ్ళీ అడగలేదు. మీకు నిజంగా తెలియలేదా, తెలిసి కూడా తెలియనట్టు ఉంటే మీకు సుఖంగా ఉందా? ఇది నేను మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న. మీ జవాబు ఏదైనా నాకు సంతోషం కలగదు.

డాక్టరు నన్ను తిట్టలేదు. అందులో స్టెరాయిడ్ ఉందని, ఏదో దురదకో దద్దుకో కొన్నాళ్ళు రాసే మందును రోజూ ముఖానికి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుందని చెప్పింది. వర్షిణిది తొందరగానే తగ్గుతుందట. నాకు నెలలు పడుతుందట, ఆ తర్వాత కూడా పూర్తిగా బాగవుతుందని మాట ఇవ్వలేనంది. అప్పుడైనా అత్తయ్య ఆగలేదు. "అది సరేగానీ, పిల్లకు ఫంక్షన్ లోపల లేజరు పెట్టి తెల్లగా చెయ్యండమ్మా" అంది. డాక్టరు విసుక్కుంది. "చేయనండీ. మొటిమలుంటే మందిస్తా, మచ్చలుంటే మందిస్తా. రంగుకి మందెందుకు? మనలాంటి నల్ల చర్మాన్ని తొందరపడి కాల్చినా, పై పొర ఊడదీసినా, ఆ కాలిన చోట ఇంకా నల్ల మచ్చ పడిద్ది. అప్పుడు ఆ మచ్చ పట్టుకుని నా దగ్గరికే వస్తారు" అంది. ఆవిడ కూడా మా రంగే. మనలాంటి అన్నప్పుడు నన్ను కూడా కలిపి చూసింది. పెళ్ళయిన తర్వాత నన్ను ఉన్న రంగులో చూసిన మొదటి మనిషి ఆవిడే.

అత్తయ్య ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. "ఏమే, ఇన్నాళ్ళూ మా కళ్ళల్లో కారం కొట్టావా? నా కొడుకు రానీ, నీ సంగతి తేలుస్తా" అంది. "తేల్చండి అత్తయ్యా. పిల్లది ఎవరి రంగో తెలిసింది కదా. ఇక ఆ మాట మాత్రం అనొద్దు" అన్నాను. ఆవిడ అరిచింది, ఏడ్చింది, అన్నం మానేసింది. మళ్ళీ పొద్దున్నే తినేసింది. మీకు ఫోన్లో ఆవిడ చెప్పేలోపు నా నోటితో నేనే చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు నుంచీ ట్యూబు మానేశాను. ముఖం ఎలా ఉందో రాయను, వచ్చినప్పుడు చూస్తారు. ఎర్రగా, నల్లగా, చారలు చారలుగా ఉంది. కణతల మీద మంగుమచ్చలు. నీళ్ళు తగిలితే మంట. అయినా తలకు గుడ్డ చుట్టుకుని చేలోకి వెళ్తున్నాను. కూలికొచ్చినవాళ్ళు "ఏందక్కా మొహం?" అంటున్నారు. ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. ఒకామె పక్కకు పిలిచి, తన కూతురు కూడా అదే ట్యూబు రాస్తోందని చెప్పి కళ్ళొత్తుకుంది.

వర్షిణిని గుంటూరు తీసుకెళ్ళను. లేజరు లేదు, ఏదీ లేదు. మీరు చెప్పినా తీసుకెళ్ళను. పెళ్ళయిన తర్వాత మీ మాట కాదనడం ఇదే మొదలు. ఫ్లెక్సులో పిల్ల ఫోటో ఉన్నది ఉన్నట్టు వేయమని బావగారికి చెప్పాను. "అట్టయితే ఫ్లెక్స్ ఎందుకమ్మాయ్, పరువు తక్కువ" అన్నారు. తెల్లపిల్లను వేయిస్తే కోసుకొచ్చి కళ్ళంలో మిరపకాయల మీద కప్పుతానన్నాను. మంచు పడకుండా బాగానే పనికొస్తుంది.

ఇక మిమ్మల్ని అడిగేది ఒకటే. నన్ను క్షమించమని కాదు. మీరు క్షమించినా మానినా నేను బతకగలను, అది ఈ నెలలో తెలుసుకున్నాను. ఫంక్షన్‌కు మీరొచ్చి గురజాల బస్టాండులో దిగగానే పిల్ల మీకు ఎదురొస్తుంది. మీ ముఖం చూస్తూ ఉంటుంది, మీ కళ్ళు ముందు ఎక్కడ ఆగుతాయా అని. ఒక్క క్షణం తేడా వచ్చినా దానికి తెలిసిపోతుంది. అక్కడ మాత్రం తప్పు చేయకండి.

మర్చిపోయాను, ఆ ఫోటో. రెండు జడలు, నల్లటి ముఖం, పెద్ద కళ్ళు. వర్షిణి ఎదిగిందని మురిసిపోయి ఉంటారు. మా నాన్న పెట్టె అడుగున దాచిన ఫోటో అది. మొన్న వర్షిణి చేతికిస్తే, అది కూడా చూసి, "ఇది ఎప్పుడు దిగానమ్మా నేను?" అంది. పదో తరగతి పరీక్షలకు నేను దిగిన ఫోటో. వెనక తిప్పితే నా పేరు ఉంటుంది.

ఇట్లు,
వర్షిణి తల్లి,
రాజేశ్వరి.