కనకన్న నూరో పరుగు

డిసెంబర్ 7, ఆదివారం

కాళ్లు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని రాస్తున్నాను. దుమ్ముగూడెం రోడ్డు పరుగు అయిపోయింది. కనకన్నకు ఇది నూరో మారథాన్. ఇక ఆయన కూడా మా నూరు పరుగుల క్లబ్బులోకి వచ్చినట్టే. క్లబ్బులో నలుగురం. నలుగురికీ పరుగు నేర్పింది ఆయనే. వదిన మంచాన పడ్డ రెండేళ్లూ ఆయన పరుగు మానేశాడు, మేం ముందుకు పోయాం. మీటింగులకు వచ్చేవాడు, ఛాయ్ తాగేవాడు, అసలు మాటలు మొదలవగానే, నూరు కాలేదు కాబట్టి, లేచి బయట నిలబడేవాడు.

సంతోషంగా ఉండాల్సిన రోజు. లేను.

పర్ణశాల రోడ్డు దాటాక కూడా ఆయన నాకు చాలా వెనకే ఉన్నాడు. నన్ను దాటలేదు... దాటితే నాకు తెలియదా? ఒక ఆటో దాటింది. కొంచెం ముందర రోడ్డు పక్కన ఆగింది. చూస్తే, అందులోంచి కనకన్న దిగుతున్నాడు. నన్ను చూశాడు. నేనూ చూశాను. తల వంచుకుని మళ్లీ పరుగు అందుకున్నాడు.

చివర్లో డప్పులు, దండ. క్లబ్బు ప్రెసిడెంటు సుధాకర్ ఆయన్ని భుజాల మీదికి ఎత్తబోయాడు. నేను — చప్పట్లు కొట్టాను.

డిసెంబర్ 8

క్లినిక్‌లో డ్యూటీ. ఒక పిల్లకు రక్తం తీస్తుంటే నా సూది రెండుసార్లు తప్పింది. పాపం, ఆ పిల్ల ఏడ్చింది. కోపం కనకన్న మీదనా, చప్పట్లు కొట్టిన నా చేతుల మీదనా?

డిసెంబర్ 10

కనకన్న ఫోన్ చేస్తాడని చూశాను. చేయలేదు. సుధాకర్ చేశాడు. ప్రెసిడెంటు కదా, 21న సన్మానం, హాలు కూడా మాట్లాడేశాడట.

"అక్కా, అన్న గురించి నువ్వే మాట్లాడాలె. ఫస్టు శిష్యురాలివి."

"వేరేవాళ్లను చూడు."

"ఏంది గట్లంటవ్?"

గొంతు బాగాలేదన్నాను. అప్పటికి తగ్గుతదిలే అన్నాడు.

డిసెంబర్ 11

మా ఆయనకు చెప్పాను. "మూడు కిలోమీటర్లకు గింత లొల్లెందుకు?" అన్నాడు, టీవీ మీంచి కళ్లు తీయకుండా. జ్వరం తగ్గిన మర్నాడు, పెద్దోడి పరీక్షల రోజుల్లో, మోకాళ్ల లోతు వాన నీళ్లలో... ఎన్నిసార్లు ఏడుపొచ్చినా ఆటో ఎక్కలేదు నేను. ఎక్కొద్దని చెప్పిన మనిషే ఎక్కాడు.

డిసెంబర్ 14, ఆదివారం

కనకన్న ఇంటికి వెళ్లాను. గని నుంచి రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక కిరాయికి తీసుకున్న రెండు గదులు. మోకాలికి జిల్లేడాకు కట్టు. ఛాయ్ పెట్టాడు. చాలాసేపు చలి గురించే మాట్లాడుకున్నాం. చివరికి నేనే...

"అన్నా, గా రోజు ఆటో ఎక్కినవ్."

"అవ్, ఎక్కిన. మోకాలు పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడ్డ. ఆటో ఆయన ఆపి, ఎక్కు తాతా అన్నడు."

"దిగినంక చెప్పొచ్చు గదా, నడుమల మానేసిన అని."

"చెప్దామనే దిగిన. నువ్వు కనబడ్డవ్. సరిత జూసింది, ఆమెనే చెప్తది అనుకున్న. నువ్వేమో చప్పట్లు కొట్టినవ్."

ఒళ్లు మండిపోయింది. ఆయన చెప్తాడని నేను, నేను చెప్తానని ఆయన. ఆటో ఎక్కింది ఆయన, మోయాల్సింది నేనా?

"సన్మానం రోజు నువ్వే చెప్పాలె అన్నా."

గ్లాసులు కడగడానికి లేచాడు.

డిసెంబర్ 17

సుధాకర్‌కు చెప్పేశాను. "నువ్వు చూడలే, నేను వినలే అక్కా. పెద్దమనిషి. గీ వయసుల ఇజ్జత్ తీస్తమా?"

ఇంకెవరికి చెప్పాలి?

డిసెంబర్ 19

గ్రౌండుకు వెళ్లలేదు. బూట్లు చూస్తేనే చిరాకు.

డిసెంబర్ 21, ఆదివారం

చెప్పాడు.

కనకన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు. "నేను గా రోజు నడుమల ఆటో ఎక్కిన. నాయి తొంభై తొమ్మిదే."

హాలంతా నవ్వింది. తమాషాకు అంటున్నాడనుకున్నారు. సుధాకర్ మైకు లాక్కుని, "చూసిండ్రా, మా అన్నకు ఎంత వినయమో" అంటూ శాలువా కప్పేశాడు. కనకన్న నావైపే చూస్తున్నాడు. ఆ చూపు చెప్పమనో, వద్దనో — ఇప్పటికీ తెలియడం లేదు.

లేచాను. "నిజమే. నేను చూసిన."

నా గొంతు నాకే కటువుగా వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసలో ఆయన కూతురు ముఖం దించుకుంది. ఆ అమ్మాయి వస్తోందని నాకెవరూ చెప్పలేదు. కనకన్న శాలువా మడతపెట్టి కుర్చీలో ఉంచాడు. మోకాలు పట్టుకుని స్టేజీ మెట్లు దిగుతుంటే ఎవరూ చెయ్యి అందించలేదు. నేనూ అందించలేదు.

భోజనాలు మాత్రం అందరూ తిన్నారు.

డిసెంబర్ 22

క్లబ్బు గ్రూపులో ఒక్క మెసేజీ లేదు.

డిసెంబర్ 24

కనకన్న గ్రౌండులో కనిపించాడు. కుంటుతూ నడుస్తున్నాడు. పక్కన చేరాను. ఒక రౌండు పూర్తయింది.

"నా బిడ్డ ముంగట చెప్పినవ్."

"నువ్వు చెప్పినదే గదన్నా. వాళ్లు నమ్మలే."

"నమ్మకుంటే ఊకోవాలె. నేనైతే చెప్పిన గదా."

ఏమనాలి? ఆయన చెప్పేసి తేలికైపోయాడు. చెడ్డపేరు నాకు మిగిలింది. ఇంకో రౌండయ్యాక ఆయనే మొదలుపెట్టాడు.

"అశ్వారావుపేటల ఏదో పరుగు పెడుతున్నరంట."

"అవ్. ఫిబ్రవరిల."

"గీ కాలుతోని అయ్యేటట్టు లేదు."

ఎందుకు కాదన్నా, నేనుంటా పక్కన... అనొచ్చు. ఇదివరకైతే అనేదాన్నే.

"నువ్వు పోతున్నవా?"

"తెల్వదన్నా."

నిజంగానే తెలియదు. గేటు దాటాక ఆయన ఎడమకు తిరిగాడు, నేను కుడికి. రేపు వస్తవా అని ఇద్దరం అడగలేదు.