నక్షత్రాల ఓడకి నలభై మంది

రంగూన్, పజుండౌంగ్
1988 ఆగస్టు 11, గురువారం, పగలు పదకొండు గంటలు

తాకేటాలో ఉన్న అచ్చెన్న బావకి,

వాగు ఇవతలి ఒడ్డు నుంచి విన్సెంట్ రాసేది. మా ప్రభువు చలవ వల్ల ఇక్కడ మేమూ, మీ సింహాద్రి అప్పన్న చలవ వల్ల అక్కడ మీరూ బాగున్నామనే అనుకుందాం. ఈ రోజుల్లో ఇద్దరి సాయమూ కావాలి.

ముందు నీకు కావలసిన మాట. నీ కూతురు దుర్గ మా ఇంట్లో భద్రంగా ఉంది. సోమవారం మంత్రసాని సింహాచలమ్మకి చూపించుకుందామని ఇటు వచ్చింది. అదే రోజు ప్రభుత్వం దిగిపోవాలంటూ ఊరంతా వీధుల్లోకి వచ్చింది, సైన్యం వంతెన మూసేసింది. ఈ తెల్లవారి నుంచి నొప్పులు. తొలికాన్పు కదా, బెదిరిపోయింది. సింహాచలమ్మ లోపల దగ్గరుంది. నేను వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. టపా లేదు కనక సంపాన్ పడవ నడిపే కో తాన్ పట్టుకొస్తాడు.

ఇక ఉదయం నుంచి మా వరండాలో జరుగుతున్న సభ సంగతి. సూర్యుడి పని అయిపోతే మనుషులు వేరే నక్షత్రాలకి వలస పోవాలా, వద్దా? నవ్వకు. నా చదువంతా పొట్లాల మీదేనని నీకు తెలుసు. బయటి దేశాల పుస్తకాలు మనకి రావడం మానేసి పాతికేళ్ళయినా, వడల పొట్లం మీది నూనె మరకల మధ్య ప్రపంచం ఇంకా కొంచెం కనబడుతూనే ఉంది. ఐదు వందల కోట్ల ఏళ్ళకి సూర్యుడు ఉబ్బి భూమిని మింగుతాడట. అప్పుడేం చెయ్యాలో రాసిన ముక్క మరెవరి వడలకో వెళ్ళిపోయింది. కనక మేమే తేల్చుకోవాలి.

పక్కింటి టైలర్ లింగరాజు వద్దనే పక్షం. దగ్గర చుక్కకే డెబ్బై వేల ఏళ్ళు పడితే ఎక్కినోడు చేరడు, దార్లో పుట్టినోడిని ఎవుడడిగేడు అన్నాడు. నిన్నెవుడడిగేడు, మీ తాత కళింగపట్నంలో ఓడెక్కినప్పుడు నీకు సెప్పి ఎక్కేడేటి అన్నాను. సెప్తే వద్దనీవోడినే అన్నాడు! మనమూ దార్లో పుట్టినవాళ్ళమే కదా బావా. మూడేళ్ళలో తిరిగొస్తానన్న మా తాత ఇక్కడి మట్టిలోనే ఉన్నాడు. అయినా మన ఇళ్ళల్లో చారు ఇంకా చారే. కాస్త ఙపి చేపముద్ద వాసన తగులుతుంది, అంతే.

సరే, పోవాలనే తేలింది. ఎవరు పోవాలి? నేనూ లింగరాజూ పలక మీద జాబితా రాశాం. వడ్రంగి, ఫిట్టరు, మంగలి, పాస్టరు, పూజారి, ఇద్దరికీ వేరువేరు వంటవాళ్ళు. మొత్తం నలభై మంది. గర్వంగా పైకి చదివాను.

సింహాచలమ్మ వేన్నీళ్ళ గిన్నెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఓలమ్మ, నలబై మందీ మగోళ్ళేనేటి, ఒక్క తరానికే ఓడ కాళీ, ఇంక మనుసులెలా మిగుల్తారయ్యా అంది.

ఏం చెయ్యను బావా! మన తాతల్ని రేవు పనికి తెచ్చిన మేస్త్రీ నలభై మంది మగవాళ్ళని గుంపు కట్టేవాడు. వలస అనగానే నా చెయ్యి అదే లెక్క రాసేసింది. లోపల దుర్గ నొప్పుల మధ్యే పగలబడి నవ్వింది. వెంటనే ఆడవాళ్ళిద్దరూ జాబితా తిరగరాయించారు. మగవాళ్ళకి నాలుగు చోట్లు. లింగరాజుకి లేదు. నాకుంది, దారి పొడుగునా కబుర్లు చెప్పడానికి.

ఏ విషయంలోనూ నీతో ఏకీభవించని,
నీ విన్సెంట్ బావ

తా.క. మధ్యాహ్నం రెండు గంటలు. ఆడపిల్ల! తల్లీబిడ్డా బాగున్నారు. బావా, నిజం చెప్పేస్తాను. ఈ సభ సరదాకి పెట్టింది కాదు. పొద్దున్నే మా వీధి మలుపు అవతల సైన్యం తుపాకులు పేలడం మొదలైంది. పేలినప్పుడల్లా దుర్గ బిగుసుకుపోయేది. సింహాచలమ్మ బయటికొచ్చి, జన్మంతా ఊరికే వాగేవు మావా, ఇయ్యాల ఆ వాగుడు నాకు కావాల, ఆ సప్పుడు పిల్లకి వినబడకూడదు అంది. అందుకే ఏడు గంటలు గొంతు చించుకున్నాం. లింగరాజుకి మాటే పోయింది. దుర్గ ఒక్క పేలుడూ వినలేదంటోంది. నిజంగానే వినలేదో, మా కష్టం చూసి అలా అందో, నేనడగలేదు.

వంతెన తెరవగానే అల్లుణ్ణి తీసుకుని రా. తెరవకపోతే ఆత్రపడి పడవెక్కకు. పిల్ల ఎక్కడికీ పోదు.