పసుపు పోగు ఆవుకు టీకా ఇప్పించమని

పశు ఆరోగ్య నిఘా విభాగం ప్రధాన అధికారి గారి సముఖమునకు,
మార్కెట్ వెనుక వీధిలో బట్టలు కుట్టుకొని బతుకు దర్జీ సమర్పించుకొను అర్జీ.

విషయం: నా ఆవుకు, దాని పెయ్యకు గడ్డల జబ్బు టీకా వేయించుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

పై విషయమునకు సంబంధించి తమకు సవినయముగా మనవి చేయునది ఏమనగా, నేను అర్జీలు రాసి ఎరుగను. తమ ఆఫీసు గేటు పక్కన బల్ల వేసుకొని అర్జీలు రాసిపెట్టే పెద్దాయనను అడిగితే, "కోపం పెట్టకు, ఏడుపు పెట్టకు. ఒక్కో సంగతికి ఒక్కో నంబరు వెయ్యి. నంబర్లుంటేనే చదువుతారు" అన్నారు. కనుక నంబర్లు వేయుచున్నాను.

1. సదరు ఆవు ఎరుపు రంగుది. ఎడమ కొమ్ము కాస్త వంకర. మా ఆవిడ దానిని దొరసాని అని పిలుచును. ఇంకో పశువు మూతి పెట్టిన బకెట్టులో నీళ్లు పోస్తే అది ముట్టదు, అందుకని ఆ పేరు. రెడీమేడ్ దుకాణాలు వచ్చిన తరువాత నా మిషను చిరుగులు కుట్టుటకు, జిప్పులు మార్చుటకు తప్ప పెద్దగా తిరుగుట లేదు. మా ఇల్లు దొరసాని పాల మీద నడుచుచున్నది. దానికి ఈమధ్యనే ఆడదూడ పుట్టినది.

2. గత సంవత్సరం తమ శాఖలోని డాక్టరమ్మ గారు మా వీధికి వచ్చి, పశువుల జబ్బుల మీద పరిశోధన జరుగుచున్నదని, అందుకు ఆరోగ్యమైన ఆవు ఒకటి కావలెనని చెప్పి, పశువులన్నిటినీ చూసి దొరసానిని ఎంచుకొన్నారు. మిగతా పశువుల చెవులకు తెల్ల పోగులు, దీని చెవికి మాత్రం పసుపు పోగు వేసినారు.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. ఈ ఆవుకు టీకాలు వెయ్యరని, వారం వారం మెడ నరంలోంచి రక్తం తీస్తారని, ఏదైనా జబ్బు ఇటువైపు వస్తే ముందు దీని రక్తంలో కనబడుతుందని, దీనిని కాపలా పశువు అంటారని విడమరిచి చెప్పారు. మేము తల ఊపుతూనే ఉన్నాము. మా చెవిన పడింది మాత్రం వీధి మొత్తంలో మా ఆవునే ఎంపిక చేశారన్న ముక్క ఒక్కటే. జబ్బు మాట అప్పటికి ఎవరికి తెలుసు? పక్కింటి పాలాయన అయితే, "మా ఆవు చెవులు ఏం పాపం చేశాయమ్మా? మాకూ పసుపుది వెయ్యండి" అని డాక్టరమ్మ వెంటపడ్డాడు. ఆవిడ కుదరదంటే అలిగి నాతో మాటలు మానేశాడు. మా ఆవిడ రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆ పోగు తుడిచి మెరిపించేది. ఇది పశు నిఘా అని డాక్టరమ్మ ఇచ్చిన కాగితం నేను చదివి వినిపిస్తే, "నిఘా పెట్టడానికి మా దొరసాని ఎవరి ఇల్లు దోచిందట?" అని నవ్వింది. ఆ రోజు ఇంట్లో అందరమూ నవ్వాము.

3. ఇప్పుడు కాలువ అవతల గడ్డల జబ్బు వచ్చినది. పశువుకు జ్వరం వచ్చి, ఒళ్లంతా గడ్డలు లేచి, మేత మానేసి కూలబడుచున్నది. ఈగలు, దోమలు ఆ జబ్బును మోసుకొని వచ్చునట. తమ టీకా బృందం వారు మా వీధికి వచ్చి ఇంటింటికీ తిరిగి టీకాలు వేసినారు. మా గుమ్మం ముందుకు వచ్చేసరికి పసుపు పోగు చూసి పెట్టె మూసేసినారు.

"ఈ ఇంటికి వెయ్యమండి," అన్నారు.

"కాపలా పశువు అదొక్కటే కదా. దూడకైనా వెయ్యండి," అన్నాను.

"ఆ ఇంట్లోకి టీకా వెళ్లకూడదండి. వెళ్తే లెక్క చెడిపోతుంది."

పాలాయన ఆవులన్నిటికీ టీకాలు పడినవి. అతడు ఇప్పుడు మాట్లాడుచున్నాడు. తన ఆవులను మా గోడకు ఎడంగా కట్టేసి, అవతలి నుంచి మాట్లాడుచున్నాడు.

4. ఈ ఆవును అమ్ముటకు వీలు లేదు. వేరే ఊరికి, మా బావమరిది ఇంటికి తోలుటకు వీలు లేదు. పోగు కత్తిరించిన ఎడల నేరము. మందుల షాపులో ఈ టీకా దొరకదు.

5. తమ ఆఫీసులో నేను కలిసిన గుమాస్తా గారు మంచివారే. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆ సంభాషణ ఉన్నది ఉన్నట్టు రాయుచున్నాను, ఎందుకనగా నాకు ఇప్పటికీ బోధపడలేదు, తమరికైనా బోధపడవచ్చును.

"కాపలా పశువుకు టీకా వెయ్యాలంటే నైతిక కమిటీ ఒప్పుకోవాలండి."

"ఆ కమిటీ దేనికండి?"

"పశువుకు అన్యాయం జరగకుండా చూడటానికే."

"మరి ఎప్పుడు కూర్చుంటారు?"

"సభ్యులందరికీ వీలు కుదిరినప్పుడు."

"ఈలోగా జబ్బు వస్తేనో?"

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకొన్నారు. "వస్తే ఇంకేముందండి? అప్పుడు టీకా అవసరమే ఉండదు కదా," అన్నారు.

మీ పరిశోధన నుంచి నేను తప్పుకొంటాను అన్నాను. నిక్షేపంగా తప్పుకోవచ్చు, అది మీ హక్కు అన్నారు. ఎవరికి చెప్పాలి అంటే, నైతిక కమిటీకే అన్నారు. చివర్లో ఒక మాట అడిగారు: "అభ్యంతరం మీ తరఫునా, ఆవు తరఫునా? రెండింటికీ ఫారాలు వేరు." నేను రెండూ తెచ్చుకొన్నాను. ఆవు తరఫు ఫారంలో 'బాధ ఏ మేరకు' అని ఒక గడి ఉంది. దానికి ఒంట్లో బాగానే ఉన్నది కనుక ఏమీ రాయలేకపోయాను.

6. డాక్టరమ్మ గారి మీద ఫిర్యాదు లేదు. ఇది నొక్కి రాయుచున్నాను. ఆవిడ తమకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినారట. పరిశీలనలో ఉన్నది అన్న జవాబు తప్ప ఏదీ రాలేదట. పోయిన వారం రక్తం తీయుటకు వచ్చినప్పుడు ఆవిడ ఐసుపెట్టెలో పక్క వీధి కోసం తెచ్చిన టీకా సీసాలు ఉన్నవి. మా ఆవిడ వాటిని చూసింది.

"ఒక్కటి వేసెయ్యమ్మా. ఎవరు చూస్తారు?"

"రక్తమే చెప్పేస్తుందమ్మా. ఇప్పుడు వేస్తే, రేపు దీని రక్తంలో కనబడేది జబ్బో, టీకా గుణమో తేలదు. ఈ చుట్టుపక్కల పశువులన్నిటికీ కబురు చెప్పేది ఇదొక్కటే."

"మరి దీనికి కబురు చెప్పేదెవరు?"

డాక్టరమ్మ సూది దూది అన్నీ సర్దుకొని, మా అరుగు మీద కూర్చొని మంచినీళ్లు అడిగారు. తాగి, ఎవరితోనో అన్నట్టుగా అన్నారు. "చదువైపోయిన రోజు మాతో ప్రమాణం చేయించారండి. కళ్ల ముందున్న పశువు బాధ తీర్చాలి, కనబడని మందలను కాపాడాలి అని. రెండూ ఒకదానికొకటి అడ్డొస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు."

తరువాతి అంశానికి ఏ నంబరు వెయ్యాలో తెలియడం లేదు, వెయ్యను. అయ్యా, మా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. తప్పు నాదని ఒక్క మాట కూడా అనదు. అంటే బాగుండును. పొద్దున్న లేస్తూనే దొరసాని ఒంటి మీద చేతులు వేసి మెడ దగ్గర నుంచి తోక దాకా తడుముతుంది, గడ్డ ఏమైనా తగులుతుందేమోనని. మళ్లీ మధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం. అది మాత్రం ఏదో ముద్దు చేస్తున్నారనుకొని మెడ చాస్తుంది. నేను అటు చూడలేక మిషను ముందు కూర్చొని ఉత్తినే తొక్కుతూ ఉంటాను. వీధి వీధంతా తెల్ల పోగులతో నిశ్చింతగా ఉన్నది. దానికి మేము సంతోషించవలసినదే. నాకు సంతోషం కలగడం లేదు. ఊరందరి పశువులూ బాగుండాలంటే ఒకటి ముందుగా పడిపోవాలన్న ఏర్పాటు ఎంత గొప్పదైనా, ఆ ఒకటి మా ఇంట్లో ఉన్నప్పుడు అది నా బుర్రకు ఎక్కడం లేదు. పెద్దాయన ఏడుపు పెట్టవద్దన్నారు. ఇది ఏడుపు కింద వచ్చునేమో నాకు తెలియదు. కొట్టివేయదగినచో తమరే కొట్టివేయవచ్చును.

కావున తమరు దయతలచి, కమిటీ వారు కూర్చొనునంత వరకు ఆగక, సదరు ఆవుకు, పెయ్యకు వెంటనే టీకా వేయించవలసినదిగా ప్రార్థించుచున్నాను. ఇంతకు మించి రాయుటకు తెలియని వాడను, ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పసుపు పోగు ఆవు గలవాడు, దర్జీ

మరొక మనవి: పైన రాసినది నిన్నటిది. కవరు అంటించకముందే ఈ కింది సంగతి జరిగినది కనుక ఇదే కాగితం మీద రాయుచున్నాను.

ఈ ఉదయం దొరసాని నీళ్లు ముట్టలేదు. బకెట్టు కడిగి మళ్లీ పెట్టాము. ముట్టలేదు. మా ఆవిడ చెయ్యి మెడ మీద ఒకచోట ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకొని అక్కడ పెట్టింది.

కబురు పెడితే డాక్టరమ్మ ఇద్దరు సహాయకులతో వచ్చారు. చూసి, చేతి తొడుగులు తీసేసి, గడ్డల జబ్బేనని తమ ఆఫీసుకు ఫోనులో చెప్పారు. కాసేపటికి ఆవిడకు తమ ఆఫీసు నుంచి తిరిగి ఫోను వచ్చింది. అవతలి మాటలు నాకూ వినబడ్డాయి. కాలువకు ఇటువైపు జబ్బు రావడం ఇదే మొదలని, ఇంత తొందరగా పట్టుకోవడం గొప్ప విషయమని, ఇంకా టీకాలు పడని ఊళ్లన్నిటికీ ఇవాళే బృందాలు బయలుదేరుతున్నాయని, ఆవు యజమానికి అభినందనలు చెప్పమని అన్నారు. డాక్టరమ్మ నాకు చెప్పలేదు. సహాయకుడు చెప్పాడు. పాపం, అతడు మంచి కబురే అనుకొన్నాడు.

ఆ తరువాత అతడు సంచిలోంచి కొత్త పసుపు పోగు తీశాడు. కాపలా పశువు జబ్బున పడితే అదే ఇంట్లో ఇంకొక పశువుకు పోగు వెయ్యాలట, పెయ్య ఉంది కదా అన్నాడు. మా ఆవిడ అప్పటిదాకా దొరసాని పక్కనే కూర్చొని ఉంది. లేచి, పెయ్యను ఎత్తుకొన్నట్టే లాక్కుపోయి, నేను మిషను పెట్టుకొనే గదిలోకి తోసి, తానూ లోపలికి వెళ్లి గడియ పెట్టుకొంది.

డాక్టరమ్మ సహాయకులిద్దరినీ జీపు దగ్గరికి పంపేశారు. పెట్టెలోంచి సీసా తీసి మందు కలిపారు. సూది పట్టుకొని ఆ గది తలుపు ముందు నిలబడి, "అమ్మా, తలుపు తియ్యి. పోగు వెయ్యను. పెయ్యకు టీకా వేసేస్తాను. దానికింకా జ్వరం లేదు, వేస్తే బతకొచ్చు," అన్నారు. నావైపు తిరిగి, "మీ అర్జీలో ఇది కూడా రాయండి. దాచి చేస్తే దొంగతనమవుతుంది. నేనే వేశానని రాయండి," అన్నారు. ఆవిడ రాయమన్నారు కనుకనే రాయుచున్నాను.

తలుపు తెరుచుకోలేదు. లోపల పెయ్య తల్లి కోసం అరుస్తోంది. మా ఆవిడ డాక్టరమ్మను కాక నన్నే అడుగుతోంది. "ఏమయ్యా, ఆ చేతిలో ఉన్నది టీకాయేనా? లేక రక్తం తీసే సూదా? నువ్వు నమ్ముతున్నావా? నువ్వు నమ్మి చెప్పు, తీస్తాను."

అయ్యా, గుమ్మం మీద కూర్చొని రాస్తున్నాను. కలిపిన మందు ఎక్కువసేపు ఆగదట. డాక్టరమ్మ అబద్ధమాడే మనిషి కాదని నాకు తెలుసు. ఇన్నాళ్లూ మాకు చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలు నమ్మే కదా మేము ఇక్కడిదాకా వచ్చాము.

తమ ఆఫీసు నుంచి వచ్చిన మనిషిని నమ్మమని మా ఆవిడతో చెప్పవచ్చునో, చెప్పకూడదో, దయచేసి వెంటనే తెలియజేయించగలరు.