కాకిని కూడా మార్చలేమన్నారు

బావగారికి,

మీరు క్షేమమేనా అని అడిగే మొహం లేక నేరుగా విషయానికొస్తున్నాను. నేను రాసే టీవీ కార్టూను ఈ ఆదివారం అక్క చూడకుండా ఎలాగైనా ఆపండి.

అందులో బట్టతల మొగుడు అచ్చం మీరేనని అక్క వారం వారం పడీపడీ నవ్వుతుంది. మీరూ నవ్వుతారు. ఈసారి వాడికి ఉత్తమ ఉద్యోగి కప్పు ఇచ్చి, ఆ చేత్తోనే ఉద్యోగం పీకేస్తారు. పెళ్ళానికి చెప్పలేక రోజూ టై కట్టుకుని బస్టాండులో కూర్చుంటాడు. డబ్బాలో సగం అన్నం ఒక కాకికి పెడుతూ, దాన్ని "మేనేజరుగారూ" అని పిలుస్తుంటాడు.

ఒట్టు, ఇది తొమ్మిది నెలల కిందట రాసింది. బస్టాండు బెంచీ మీద మిమ్మల్ని, అక్క అన్నం సర్దిచ్చే ఆ నీలం డబ్బాతో, చూసింది మొన్న మంగళవారం, ఆఫీసు వేళలో. పలకరిద్దామని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాను. క్షమించండి.

కథ మార్చమని మా దర్శకుడి కాళ్ళావేళ్ళా పడ్డాను. "బొమ్మలైపోయాయి, గొంతులైపోయాయి. ఇప్పుడు కాకిని కూడా మార్చలేమయ్యా" అన్నాడు. పైగా హాస్యం బాగా పండిందని మెచ్చుకున్నాడు.

నిన్న అక్క ఫోన్ చేసి, "ఈ వారం మీ బావని ఏం చేశావురా?" అని ముందే నవ్వింది. ఏమీ లేదన్నాను.

మా కార్టూనులో వారం తిరిగేసరికి అన్నీ మామూలైపోతాయి. వాడు మళ్ళీ ఆఫీసు కుర్చీలో ఉంటాడు, ఎలా వచ్చాడని ఎవరూ అడగరు. మీకు ఆ వచ్చే వారాన్ని రాసివ్వడం నాకు చేతకావడం లేదు, బావగారూ.

మీ బావమరిది