ఊదేవాడి వంతు

కిష్టారెడ్డిపేట,
ఆదివారం

ప్రియమైన అజీజ్ భాయ్,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. తీసిన కాగితం మడిచి, దాని మీద వక్కలు పోసుకుని నమిలాను కూడా. ఫోన్ చేద్దామంటే నా మాట నీకు సగమే వినబడుతుంది, నీ మాట నాకు సగం. ముప్పై ఏళ్లు పటాన్‌చెరు ప్రెస్ షాపులో పక్కపక్క మిషన్ల మీద రేకులు కొట్టినవాళ్లకు దక్కిన పింఛను ఇది.

అక్కడ మనకు దక్కిన మంచి సరుకు ఆ సీడీ ఒక్కటే. కొత్త మిషన్ బిగించడానికి వచ్చిన జర్మనీ ఇంజనీరు వెళ్లేరోజు నీ చేతిలో పెట్టాడు. నువ్వు పెట్టిన బిర్యానీకి బదులు అన్నావు. వండింది బేగంబీ భాభీ, పేరు నీది. అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుంటూ నెల రోజులు డిక్షనరీ ముందు కూర్చుంటే నాకు తేలింది: నిలువుగా పట్టి ఊదే ఆ కర్ర పిల్లనగ్రోవి పేరు రికార్డర్, తోడు పలికేది గిటారు, ఆ పాటలు కట్టినవాళ్లు ఎప్పుడో రెండు మూడొందల ఏళ్ల కిందటివాళ్లు. ఆ డిక్షనరీ సంగారెడ్డిలో పాత కాగితాల కొట్టులో దొరికింది. దానికి 'ఎస్' తర్వాత పేజీలు లేవు. నా ఇంగ్లీషూ అక్కడితోనే ఆగింది.

సరే, అసలు సంగతి. నెలకో శుక్రవారం నేను జోగిపేట వస్తాను. నీ నమాజు అయ్యాక అల్మారాకు చెరో పక్కనున్న రెండు స్పీకరు పెట్టెల ముందు కూర్చుంటాం. ఎడమ పెట్టెలోంచి ఊదేవాడు, కుడి పెట్టెలోంచి గిటారువాడు పలకరించుకునేవాళ్లు. ఆ గిటారు నాకు మంజీర ఒడ్డున పొగమంచులో తీరిగ్గా నడిచే మనిషిలా తోచేది. పిల్లనగ్రోవి వాడి ముందు ఎగిరే పిట్ట. వాడు నిలబడితే అది వాలేది, అది లేస్తే వాడు కదిలేవాడు. కళ్లు మూసుకుంటే ఆ మంచులో నేనూ ఎక్కడో ఉండేవాణ్ని, చేతులకు గ్రీజు లేకుండా.

పది నెలలుగా పిట్ట లేదు. మనిషి ఒక్కడే నడుస్తున్నాడు. మధ్యమధ్య ఆగి, ఎవరి మాటో విన్నట్టు నిలబడి, మళ్లీ నడుస్తాడు. ప్రెస్ షాపు వాళ్లకు సన్నని చప్పుళ్లే ముందు పోతాయని డాక్టరు ఏనాడో చెప్పాడు. పోయాయి. నీకు చెప్పలేక, నువ్వు తల ఊపినప్పుడల్లా నేను "వాహ్" అన్నాను. మొన్న శుక్రవారం నువ్వు, "ఊదెటోడు ఇయ్యాల జెర ఎక్కువనే ఏడిపిస్తుండు గదా, వెంకటేశం?" అన్నావు. "అవును భాయ్, పానం తీస్తుండు" అన్నాను.

బస్సెక్కాక సిగ్గేసింది. నీతో అబద్ధాలు చాలా ఆడాను గానీ, ఆ పెట్టెల ముందు ఆడకుండా ఉండాల్సింది. ఇక రాను. కోపం చేసుకోకు.

నీ
వెంకటేశం

జోగిపేట,
గురువారం

దోస్త్ వెంకటేశం,

నీ ఉత్తరం బేగంబీకి చదివి వినిపించాను. నేను చదివితే గల్లీ అంతా వింటుంది, అది వేరే సంగతి.

నాకూ పది నెలలుగా ఊదేవాడు వినిపించడం లేదు. నా చెవులు అయిపోయాయనుకున్నాను. నువ్వు "వాహ్" అంటుంటే, నీకైనా వినిపిస్తోంది కదా అని తల ఊపాను. ఏడిపిస్తున్నాడన్నది నీ మొహం చూసి అన్న మాట.

ఇద్దరికీ ఒకేసారి పోయిందని విని బేగంబీ లేచి వెళ్లి ఎడమ పెట్టెను ముందుకు లాగింది. వెనక తీగను ఎలుక ఎప్పుడో కొరికేసింది.

"ఇద్దరు ఉస్తాదులు! ముప్పై ఏండ్లు మిషన్లు నడిపిన్రంట! తార్ తెగిందా అని ఒక్కడన్న సూసిండా? ఆ ఎలుకకు చెప్పుండ్రి వాహ్!" అంది.

తీగ ముడేశాను. నువ్వొచ్చేదాకా పెట్టను. వచ్చే వారం శుక్రవారం రా.

నీ
అజీజ్

కిష్టారెడ్డిపేట,
శనివారం

అజీజ్ భాయ్,

నిన్న పిట్ట తిరిగొచ్చింది. తొలి ఊపిరికే నా చేతిలోని బిస్కెట్ జారి చాయ్‌లో మునిగింది. పిట్ట కాస్త సన్నబడింది, రెక్కల కొసలు నాకందలేదు, అయినా అదే పిట్ట. మంచు, ఒడ్డు, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మంచులోంచే నీ వైపు చూశాను. నువ్వు "వాహ్" అన్నావు. అప్పటికి ఊదేవాడు ఆగిపోయి, గిటారు ఒక్కటే మోగుతోంది.

భాయ్, ముప్పై ఏళ్లు ఆ మిషన్ల మోతలో నీ మొహం చూసే నీ మాట తెలుసుకున్నవాణ్ని. తీగ కట్టినా నీకు వినిపించడం లేదు.

అందుకే వేలెత్తాను. ప్రెస్ రేకు మీదికి దిగే ముందు మనం ఒకరికొకరం చూపించుకున్న సైగే అది: వస్తోంది, చూసుకో అని. ఊదేవాడు అందుకుంటే వేలు పైకి, ఆగితే కిందికి, దీర్ఘం తీస్తే గాలిలో అలాగే. రెండో పాటకల్లా నువ్వు కళ్లు మూసుకోవడం మానేసి నా వేలినే చూస్తున్నావు. ఊదేవాడు లేచిన చోటల్లా సరిగ్గా సమయానికి నవ్వావు. మోచెయ్యి ఇంకా లాగుతోంది, పర్వాలేదు.

దీని గురించి మనం మాట్లాడుకోనక్కర లేదు. వచ్చే నెల వస్తాను.

నువ్వు వేసిన ముడి వదులుగా ఉంది. సంగారెడ్డిలో బస్సు మారేటప్పుడు, తీగలకు చుట్టే నల్ల టేపు ఒక చుట్ట కొన్నాను.

నీ
వెంకటేశం