నలభై నాలుగును ఉంచుకోవాలా

అక్టోబర్ 14, 2023, శనివారం

మొదటి ఐస్ హాకీ ఆట చూశాను. ఏమీ అర్థం కాలేదు.

శేషగిరి అంకుల్ ఇంట్లో చేరి పన్నెండు రోజులైంది. అంతకు ముందు, కెనడాకు చదువుకు వచ్చిన కొత్తలో, కాలేజీ దగ్గర ఒక బేస్‌మెంట్‌లో ఎనిమిది మంది అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఒకటే బాత్రూమ్. తలుపు మీద వంతులు రాసిన కాగితం అతికించుకున్నాం. డార్ట్‌మత్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పై గది ఖాళీగా ఉందని గుడిలో ఎవరో చెబితే మరునాడే వెళ్ళాను.

అంకుల్ ఇక్కడి యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చెప్పి రిటైరయ్యారు. బాపట్ల వైపు మనిషి. డెబ్బై ఆరేళ్ళు. రెండేళ్ళ కింద కళ్ళలో నడిమి చూపు పోయింది. అంచులే కనిపిస్తాయి. ఎదురుగా నిలబడ్డ మనిషికి ముఖం ఉండదట, అక్కడొక బూడిదరంగు మచ్చ ఉంటుందట.

సీతాదేవి ఆంటీ గది చూపించి, బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలని, వంటింట్లో చేపలు వండకూడదని చెప్పారు. అంకుల్ ఒక్కటే అడిగారు, ఏదైనా ఆట ఆడావా అని. కబడ్డీ ఆడానని, లెఫ్ట్ కార్నర్‌నని, జిల్లా దాకా వెళ్ళానని చెప్పాను. ఆయన తల ఊపి, "గది సంగతి ఆవిడది. ఆట సంగతి నాది," అన్నారు.

నా పని ఇది. శనివారం మధ్యాహ్నం ఆటలకు ఆయన్ని ఫెర్రీ పడవలో హాలిఫాక్స్ తీసుకెళ్ళాలి. పక్క సీట్లో కూర్చుని, జరిగేది జరిగినట్టు చెవిలో చెప్పాలి. టీమ్ పేరు టైడ్స్. పదకొండో వరుసలో ఆ రెండు సీట్లు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయనవే.

నంబరు ముందు, చోటు తరువాత, చేసిన పని చివర. అలా చెప్పమన్నారు. నా అభిప్రాయం వద్దన్నారు. కావాలంటే ఆయనే అడుగుతారట.

అక్టోబర్ 28

పరువు పోయింది. ఆటగాళ్ళు నిమిషం కూడా కాకముందే కంచె దూకి బెంచీ మీదికి పోతుంటే, పోయినవాళ్ళందరూ ఔట్ అనుకున్నాను. పదిహేడు ఔట్, ఆరు ఔట్ అని చెబుతూనే ఉన్నాను. రెండో పీరియడ్‌లో అంకుల్ అడిగారు, ఇంతమంది ఔటైతే మనవాళ్ళు ఇంకా ఐదుగురు ఎట్లా ఉన్నారని. అవతలివాళ్ళు ఔటైనప్పుడు మనవాళ్ళు బతికొస్తున్నారేమో అన్నాను. ఆయన నవ్వు ఆగలేదు. ముందు వరుసలో గార్డన్ అనే పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు.

అలిసిపోయి మారడమట. ఎవరూ ఔట్ కారు.

అక్టోబర్ 29, ఆదివారం

పదింటికి రేడియోలో హాకీ గంట వస్తుంది. జనం ఫోన్ చేసి, టీమ్‌లో ఎవరిని ఉంచాలో ఎవరిని తీసేయాలో చెబుతారు. అంకుల్ ప్రతి ఆదివారం చేస్తారు. "శేష్ ఫ్రమ్ డార్ట్‌మత్" అనగానే హోస్ట్ మిగతా వాళ్ళను ఆపి ఆయనకు లైన్ ఇస్తాడు. ఇవాళ నేను చెప్పిన సంగతులే ఆయన నోట రేడియోలో విన్నాను. నా మాటల కన్నా బాగున్నాయి.

గిన్నెలు కడుగుతుంటే ఆంటీ మెల్లగా చెప్పారు. చూపు పోయిందని రేడియోవాళ్ళకు తెలియదట. గార్డన్‌కు కూడా తెలియదట. ఈ ఊళ్ళో ఆయన మాటకు ఇంకా విలువున్న చోటు అదొక్కటేనట. తెలిస్తే మర్యాదగా విని ఫోన్ పెట్టేస్తారు, ఆయన దాన్ని తట్టుకోలేరు, అన్నారు.

నవంబర్ 7

మూడు షాపుల్లో రెజ్యూమె ఇచ్చాను. మూడో చోట మేనేజర్ చూడకుండానే కౌంటర్ కింద డబ్బాలో వేశాడు. డబ్బా నిండి ఉంది.

నవంబర్ 12, ఆదివారం

అంకుల్ రేడియోలో నలభై నాలుగు మీద పడ్డారు. డన్‌బార్ అతని పేరు. డిఫెన్స్‌లో ఆడతాడు. ముప్పై ఐదేళ్ళు. నెమ్మది. వెనకే ఉంటాడు, ముందుకు పోడు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు డెబ్బై ఒకటి ఆడే అవకాశం లేక పైన గాజు గదిలో సూటు వేసుకుని కూర్చుంటే, ఈయన్ని మంచు మీద ఎందుకు తిప్పుతున్నారని అడిగారు. తీసేయాలన్నారు. తరువాత ఫోన్ చేసిన నలుగురూ అదే మాటన్నారు.

వెనకే ఉంటాడని చెప్పింది నేనే. ఉన్న మాటే.

కానీ నిన్న అతన్ని చూస్తూ కూర్చున్నాను. అవతలివాడు పక్, అదే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, తీసుకుని మీదికొస్తుంటే మిగతావాళ్ళు ఎగబడతారు. నలభై నాలుగు కదలడు. వాడు ఎటు పోవాలో తేల్చుకునేదాకా ఆగుతాడు. తరువాత ఒక్క అడుగు. వాడికి దారి ఉండదు. కార్నర్ పని అదే. రైడర్ కాలు వేయకముందే దూకినవాడు పాయింట్ ఇచ్చేస్తాడు. ఆగినవాడు ఏమీ చేయనట్టు కనిపిస్తాడు. డిగ్రీ రెండో సంవత్సరంలో నన్ను టీమ్ నుంచి తీసేసినప్పుడు కోచ్ అదే అన్నాడు, నువ్వు ఏం చేస్తున్నావో కనిపించడం లేదని.

అంకుల్‌తో ఇది చెప్పలేదు. ఆయన అడగలేదు.

డిసెంబర్ 9

ఇవాళ నలభై నాలుగు తప్పు చేశాడు. కార్నర్ దగ్గర పక్ వదిలేశాడు. గోల్ పడింది. అంకుల్ ఎవరని అడిగారు. ఆరో నంబరు అని చెప్పాను.

ఎందుకు చెప్పానో తెలుసు. నిజం చెబితే రేపు పదింటికి రేడియోలో ఇంకోసారి తీసేయమంటారు.

నిజం ఇక్కడ రాసి పెడుతున్నాను. తప్పు నలభై నాలుగుదే.

జనవరి 13, 2024

నలభై నాలుగు వల్ల ఒక గోల్. ఆరు అని చెప్పాను. ఆరో నంబరు కుర్రాడికి నా వల్ల చెడ్డపేరు వస్తోంది.

జనవరి 22

ప్రభుత్వం విదేశీ స్టూడెంట్ల సంఖ్యకు పరిమితి పెట్టింది. క్లాసులో ఎవరూ పాఠం వినలేదు. మా చెల్లెలు తేజశ్రీ ఫోన్ చేసి, ఇక తను అప్లై చేయనా వద్దా అని అడిగింది.

జనవరి 28, ఆదివారం

రేడియోలో హాకీకి ముందు గంట కూడా ఫోన్లే. స్టూడెంట్లు ఎక్కువైపోయారని, ఇళ్ళు దొరకడం లేదని. ఒకతను లెక్క కట్టినట్టు మాట్లాడాడు, ఎంతమందిని పంపించేయాలో. అంకుల్ సౌండ్ తగ్గించారు. ఆంటీ నా పళ్ళెంలో ఇంకో దోశ వేశారు.

ఫిబ్రవరి 3

నలభై నాలుగు వల్ల రెండు గోల్స్. ఒకటి గోల్‌కీపర్ మీద పెట్టాను. రెండోది ఎవరో కనిపించలేదన్నాను. అతను రెండు సార్లు అవతలివాళ్ళను ఆపాడు. అవి రెండూ చెప్పాను, వివరంగా చెప్పాను.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఇట్లా అవుతుందని అనుకోలేదు.

అంకుల్ రేడియోలో తన మాట వెనక్కి తీసుకున్నారు. నవంబర్‌లో తను అన్నది పొరపాటు అన్నారు. నలభై నాలుగు ఈ టీమ్‌లో అందరికన్నా ఓపికైన ఆటగాడు, టీమ్‌ల మధ్య మార్పిడి గడువు మార్చి ఎనిమిదిలోగా ఎవరిని ఇచ్చేసినా సరే, అతన్ని మాత్రం ఉంచుకోవాలి అన్నారు. శేష్ నోట పొరపాటు అన్న మాట ఇన్నేళ్ళలో మొదటిసారి వింటున్నానని హోస్ట్ అన్నాడు.

ట్రూరో నుంచి ఒకతను ఫోన్ చేసి, మూడో తారీఖు రెండు గోల్సూ నలభై నాలుగు తప్పులేనని వాదించాడు. అంకుల్ గొంతు పెంచలేదు. "నేను పదకొండో వరుసలో కూర్చున్నాను. మీరెక్కడ కూర్చున్నారు?" అన్నారు. టీవీలో చూశానన్నాడు అతను. హోస్ట్ నవ్వాడు. ట్రూరో అతను ఫోన్ పెట్టేశాడు.

నేను మెట్ల మీద కూర్చుని విన్నాను.

ఫిబ్రవరి 19

ఇవాళ చెప్పాలి.

ఫిబ్రవరి 20

చెప్పలేదు.

మార్చి 8

టైడ్స్ నలభై నాలుగును ఉంచుకుంది. డెబ్బై ఒకటిని వేరే టీమ్‌కు ఇచ్చేసింది. రేడియో విని నిర్ణయించలేదని నాకు తెలుసు. అంకుల్‌కూ తెలుసు. అయినా ఇవాళ ఆయన గడ్డం గీసుకుని కొత్త స్వెటర్ వేసుకున్నారు. ఆంటీ పులిహోర చేసి, ఇరవై ఎనిమిదేళ్ళకు మీ మాట ఒకరు విన్నారు, నేనైతే పెళ్ళైన నాటి నుంచీ వింటున్నాను అన్నారు.

మార్చి 9

ఫెర్రీలో పన్నెండు నిమిషాలు. పోయేటప్పుడు చెబుదామనుకున్నాను. ఆయన డెబ్బై ఒకటి గురించి మాట్లాడుతున్నారు. మంచి కుర్రాడే, పాపం, కొత్త ఊళ్ళో ఇల్లు వెతుక్కోవాలి అన్నారు. వచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోయారనుకున్నాను. దిగేటప్పుడు అన్నారు, నువ్వు చెబుతుంటే నాకు ఆట కనిపిస్తుంది అని.

ఏప్రిల్ 20, శనివారం

ప్లేఆఫ్స్. ఓడితే ఇంటికే. మూడు మూడు. ఓవర్‌టైమ్‌లో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళదే ఆట.

పక్ మన గోల్ వెనక్కి వచ్చింది. నలభై నాలుగు తీసుకున్నాడు. ఆగాడు. ఆగాల్సిన చోటు కాదది. వెనక నుంచి వచ్చినవాడు పక్ లాక్కుని లోపలికి కొట్టాడు. అంతే. తొమ్మిది వేల మంది ఉన్న చోట ఏ చప్పుడూ లేదు.

అంకుల్ అడిగారు, "ఎవరు?"

నా నోరు తెరుచుకుంది. ఆరు అని చెప్పి ఉండేదాన్నేమో. అప్పుడే గార్డన్ వెనక్కి తిరిగి, నీ నలభై నాలుగే, శేష్, మళ్ళీ, అన్నాడు. కోపంగా అనలేదు.

అంకుల్ నా వైపు తిరిగారు. "మళ్ళీ అంటున్నాడేంటి?"

నలభై నాలుగే, అంకుల్, అన్నాను. ఫెర్రీ ఎక్కేదాకా ఆయన నా చేయి పట్టుకోలేదు. రెయిలింగ్ తడుముకుంటూ నడిచారు.

అదే రోజు, సాయంత్రం ఆరింటికి

ఈ పుస్తకం కిందికి తీసుకెళ్ళాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివాను. డిసెంబర్ తొమ్మిది. జనవరి పదమూడు. ఫిబ్రవరి మూడు. మొత్తం నాలుగు గోల్స్. నేను ఏం చూశానో, ఆయనకు ఏం చెప్పానో రెండూ చదివాను. నవంబర్ పన్నెండుది కూడా చదివాను, కబడ్డీ సంగతి. ఆంటీ పొయ్యి ఆపి నిలబడి విన్నారు.

అంకుల్ బల్ల మీద గీతలు తడుముతూ కూర్చున్నారు. తరువాత అన్నారు.

"నలభై నాలుగు మంచివాడని నవంబర్‌లోనే నాతో అనొచ్చుగా?"

మీరు అభిప్రాయం వద్దన్నారు, అన్నాను.

"వద్దన్నాను. అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాను. నీకేం తెలుసు అనేవాణ్ణి. పోట్లాడుకునేవాళ్ళం. అది వేరు, ధాత్రీ. నువ్వు నాతో పోట్లాడలేదు. నా కళ్ళు మార్చేశావు."

లేచి గదిలోకి వెళ్ళిపోయారు. రెండు తలుపులకు తగులుకున్నారు. ఆ ఇంట్లో ఆయన తలుపుకు తగులుకోవడం నేను చూడలేదు ఇంతవరకు.

ఏప్రిల్ 21, ఆదివారం

పదింటికి ఫోన్ చేశారు. నేను పైన సూట్‌కేసులో బట్టలు పెడుతున్నాను. రేడియో కింద మోగుతోంది.

జనం నలభై నాలుగును తిడుతున్నారు. హోస్ట్, శేష్, ఉంచుకోమన్నది నువ్వే కదా అన్నాడు, నవ్వుతూ. అంకుల్ చెప్పారు. తనకు రెండేళ్ళుగా చూపు లేదని. ఆట తను చూడలేదని. ఫిబ్రవరిలో ట్రూరో నుంచి మాట్లాడిన మనిషి చెప్పిందే నిజమని, ఆయనకు సారీ అని. ఆయన ఎక్కడ కూర్చుని చూశారని అడగడం తనకు తగని పని అని.

నా మాట ఎత్తలేదు. పక్కన ఒక మనిషి ఉందని కూడా అనలేదు.

హోస్ట్ గొంతు మారింది. మెత్తబడింది. ఆంటీ భయపడ్డది ఆ గొంతుకే. సరే శేష్, మరి వచ్చే సీజన్‌కు నలభై నాలుగును ఉంచుకోవాలా అని అడిగాడు. అంకుల్, నాకు తెలియదు అన్నారు. హోస్ట్ థాంక్యూ చెప్పి ప్రకటనలు వేశాడు.

సూట్‌కేసు దింపుతుంటే ఆంటీ మెట్ల దగ్గర ఆపారు. "ఆట సంగతి ఆయనది. గది సంగతి నాది. పైకి తీసుకుపో," అన్నారు.

జూన్ 30

ఆదివారాలు రేడియో పెట్టడం లేదు. అంకుల్ నాతో అన్నం దగ్గర మాట్లాడతారు, వాన గురించి, బస్సుల గురించి. నాకు హాస్పిటల్ లాండ్రీలో పని దొరికింది.

ఆగస్టు 16

నలభై నాలుగుకు టైడ్స్ ఇంకో ఏడాది కాంట్రాక్ట్ ఇచ్చింది. పేపర్‌లో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. అంకుల్ విన్నారు. ఇంకోసారి చదవమన్నారు.

అక్టోబర్ 12, శనివారం

మధ్యాహ్నం పన్నెండింటికి అంకుల్ కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నా బూట్లు కాలితో నా వైపు జరిపారు.

పదకొండో వరుస. నంబరు, చోటు, చేసిన పని. రెండో పీరియడ్‌లో నలభై నాలుగు వల్ల గోల్ పడింది. నలభై నాలుగు, ఎడమ మూల, పక్ వదిలేశాడు అని చెప్పాను. ఆయన తల ఊపారు. నీ అభిప్రాయం ఏమిటి అని అడిగారు.

ఉంచుకోవాలి అన్నాను. ఎందుకని అడిగారు. చెప్పాను.

ఒప్పుకోలేదు. ఫెర్రీ దిగేదాకా ఒప్పుకోలేదు.