చుక్క ఇంట్లో, సంకేతం ఓడరేవులో

అమ్మకు,

నేను ఇక్కడ బాగున్నాను. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయాలి గానీ, ఆ ‘అక్కడ’ ఎక్కడో తేలేదాకా ఆ మాట ఆపుతున్నాను.

ముందు నా తగవు. మన సెట్లు ఎక్కడున్నాయో చూపే పటం మీద నా రేడియో సెట్ చుక్క సాయంత్రాలు నది గట్టున ఆగుతోందని, అక్కడ ఎవడో ఉన్నాడని మీరంతా తీర్మానించేశారు. పిన్ని అయితే ఫోన్ చేసి మరీ, “నిప్పు లేనిదే పొగ రాదే చిన్నదానా. పేరు చెప్పు, మేమేం కొరుక్కు తినం” అంది. నన్ను తప్పుగా అర్థం చేసుకోవడంలో ఇంటివాళ్ళ తర్వాతే బయటివాళ్ళు. హాస్టల్ చుట్టూ మేడలు. గదిలో సెట్ పెడితే గరగర తప్ప ఏమీ రాదు. గట్టు మీదైతే నీ సంకేతం అందుతుంది. కూతురు అమ్మ కోసం కూర్చుంటే, ఆ అమ్మకు మీసాలు తగిలించారు.

నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. సెట్‌కు కొత్త బ్యాటరీ కొన్నాను. నేను గీసిన పటాల కింద మా పై అధికారి తన సంతకం గీకడం ఇంకా మానలేదు. నాకు చూసిన పెళ్ళి సంబంధం అబ్బాయి వాళ్ళకు ఏం చెప్పమంటావన్నదానికి చివర్లో రాస్తాను.

ఇప్పుడు నా ప్రశ్న. నీ చేతిసెట్ చుక్క ఎన్నడూ కుదురుగా ఉండేది కాదు. నువ్వు కుర్చీలోంచి కదలకపోయినా అది పెరట్లోకి, పక్కింటి గోడ మీదికి కాస్త కాస్త జరిగేది. ఈమధ్య మేకు కొట్టినట్టు మన ఇంటి మీదే ఒకేచోట ఉంటోంది. అంటే స్థానాన్ని ఉపగ్రహం చెప్పడం లేదు, నువ్వే టైపు చేసి పెట్టావు. పోనీలే అనుకున్నాను. కానీ సంకేతాన్ని మోసుకొచ్చే రిలే పేరు కూడా దాని వెంటే వస్తుందని నేర్పింది నువ్వే కదా. మన ఇంటి సంకేతాన్ని ముందుగా పట్టాల్సింది నీళ్ళ ట్యాంకు మీది రిలే. నీదాన్ని ఓడరేవు రిలే పడుతోంది. చుక్క ఎక్కడుండాలో నువ్వు చెప్పగలవు. ఏ రిలే పట్టాలో చెప్పలేవు.

నాన్నకు ఫోన్ చేశాను. నీ ఊసు నేనెత్తకముందే, “మీ అమ్మ స్నానానికెళ్ళింది” అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. మర్నాడు చేస్తే మళ్ళీ స్నానమే.

ఇంతసేపూ దాచిన మాట ఇది: నేను వచ్చాను. పోయిన సెలవు రోజున ఓడరేవులో దిగి, చేతిలో యాంటెన్నా తిప్పుకుంటూ, సంకేతం పెరిగిన వైపల్లా నడిచాను. కుట్టు దుకాణం పైగదిలో కనిపించావు. కిటికీకి తువ్వాలు ఆరేస్తూ కింద దర్జీ ఆవిడతో ఏదో అని నవ్వావు. ఆ నవ్వు మన ఇంట్లో నేను వినలేదు. వెనకాల ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూశాను. పిన్ని బుద్ధి నాకూ ఉంది. ఎవరూ లేరు. నువ్వు లోపలికెళ్ళాక దర్జీ ఆవిడను కదిపాను. నేనెవరినో అడగకుండానే, “టీచరమ్మా? ఇంట్లోంచి వచ్చేసింది. కూతురి పెళ్ళయ్యేదాకా బయటికి పొక్కకూడదట. మీరూ ఎవరితో అనకండి” అంది.

అంటే నా పెళ్ళయ్యేదాకా నాన్న నీకు స్నానాలు చేయిస్తూనే ఉంటారు, నువ్వు ఇంటి చుక్క పంపుతూనే ఉంటావు, నేను అదంతా నమ్మినట్టు నటిస్తూ పెళ్ళికి ముస్తాబవ్వాలి.

అబ్బాయి వాళ్ళకు నువ్వేమీ చెప్పనక్కర్లేదు. నిన్న వాళ్ళింటికి వెళ్ళి, మా అమ్మ వేరుగా ఉంటోందని చెప్పాను. ఈ పెళ్ళి చేసుకోనని కూడా చెప్పాను.

ఇట్లు,
నీ చిన్నది